మనీజా మాటలో రాజకీయం ఎక్కడుంది?

2024 ఆగస్టు 9. పారిస్‌లోని ప్లేస్ ద లా కాంకార్డ్. ఒలింపిక్స్‌లో బ్రేకింగ్ (బ్రేక్‌డాన్స్) పోటీలకు అదే తొలిరోజు. శరణార్థుల జట్టు తరఫున బరిలో దిగిన అఫ్గాన్ యువతి మనీజా తలాష్, నెదర్లాండ్స్ అమ్మాయితో తలపడుతూ రెండు చేతులూ బారచాపింది. వీపున విచ్చుకున్న లేత నీలి వస్త్రంపై ‘అఫ్గాన్ మహిళలకు స్వేచ్ఛనివ్వండి’ అని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. పోటీలో ఆమె ఎలాగూ ఓడిపోయింది. అయినా, దుస్తులపై రాజకీయ నినాదం ప్రదర్శించిందంటూ ప్రపంచ డాన్స్‌స్పోర్ట్ సమాఖ్య అనర్హత వేటు వేసింది.

ఆ నిర్ణయం ముమ్మాటికీ తప్పు.

మనీజా కాబూల్‌లో బ్రేకింగ్ నేర్చుకుంది. ఆ బృందంలో అందరూ మగపిల్లలే, ఆమె ఒక్కతే అమ్మాయి. బెదిరింపులొచ్చినా మానలేదు. 2021లో తాలిబన్లు మళ్లీ గద్దెనెక్కాక పాకిస్థాన్‌కూ, అక్కడి నుంచి స్పెయిన్‌కూ చేరింది. ఆమె పుట్టిన గడ్డ మీద ఇప్పుడు ఆడపిల్లల చదువు ఆరో తరగతితో సరి. స్త్రీలకు పార్కులు, జిమ్‌ల తలుపులు 2022 నవంబరులోనే మూసేశారు. అలాంటి చోటి నుంచి వచ్చిన స్త్రీ బరిలో నిలబడటమే తాలిబన్లకు ధిక్కారం. ఆమె ఆటను చప్పట్లతో ఆహ్వానించి, మాటను మాత్రం నేరమనడం ఏం న్యాయం?

ఆటస్థలంలో రాజకీయ, మత ప్రచారం కూడదంటుంది ఒలింపిక్ చార్టర్ 50వ నిబంధన. అందులో అర్థముంది. ఒకరికి వెసులుబాటిస్తే రేపు ప్రభుత్వాలే తమ క్రీడాకారుల చేత నినాదాలు మోయిస్తాయి. కానీ వివక్ష లేకుండా క్రీడల్లో పాల్గొనడం మానవ హక్కని చెబుతున్నదీ ఆ చార్టరే. మనీజా అడిగింది అంతకు మించి ఏముంది? పైగా అఫ్గానిస్థాన్‌ను 1999లో సస్పెండ్ చేసి, సిడ్నీ ఒలింపిక్స్‌కు రానివ్వనిది అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీయే. తాలిబన్లు స్త్రీలపై చూపిన వివక్ష అందుకు ఓ ముఖ్య కారణం. కమిటీ చేస్తే విలువల పరిరక్షణ, క్రీడాకారిణి చేస్తే రాజకీయమా?

అదే పారిస్‌లో అఫ్గానిస్థాన్ తరఫున 100 మీటర్లు పరుగెత్తిన కిమియా యూసోఫీ, తన నంబరు కాగితం వెనక ‘చదువు, క్రీడలు, మా హక్కులు’ అని చేత్తో రాసుకొచ్చి కెమెరాలకు చూపింది. ఆమెను ఎవరూ అనర్హురాలిగా ప్రకటించలేదు, అది సబబే. నినాదం సారం ఒక్కటే అయినప్పుడు మనీజాకు వేరే తీర్పు ఎందుకు? నిబంధన అస్పష్టంగా ఉండటం వల్లే ఇలా ఎవరికి తోచినట్టు వారు తీర్పు చెప్పగలుగుతున్నారు.

మనీజాపై వేటు పడిన రెండు వారాల్లోపే, బయట స్త్రీ గొంతు వినపడరాదని తాలిబన్లు చట్టం తెచ్చారు.

లాస్ ఏంజెలెస్ 2028 క్రీడల్లో బ్రేకింగ్ లేదు. మనీజాకు అక్కడ ఆ వేదిక దక్కదు. ఒలింపిక్ కమిటీకి తొలి మహిళా అధ్యక్షురాలైన క్రిస్టీ కోవెంట్రీ చేయగలిగినవి మాత్రం రెండున్నాయి. ప్రభుత్వాల ప్రచారానికీ, చార్టర్ హామీ ఇచ్చిన హక్కుల మాటకూ మధ్య గీత గీస్తూ 50వ నిబంధనను స్పష్టంగా తిరగరాయించాలి. మనీజాపై అనర్హతను ఎత్తివేయించాలి.