లారీ లైసెన్సుకు ఏ బడి?

ఈ నెల మా బల్లమీదికి వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే సంగతి అడుగుతున్నవి. ఒకటి హోసూరు నుంచి, ఒకటి బరంపురం నుంచి, మూడవది షోలాపూరు నుంచి. "అబ్బాయి లారీ నేర్చుకుంటానంటున్నాడు, ఎక్కడ చేర్చమంటారు?" అన్నది ప్రశ్న. హోసూరు తల్లిగారు ఇంకొక ముక్క కూడా రాశారు. ఎవరో మధ్యవర్తి ఇంటికి వచ్చి, "బడికి పోనక్కరలేదమ్మా, సర్టిఫికెట్టు నేను తెస్తాను, మీరు డబ్బు చూసుకోండి" అంటున్నాడట. ఇంటి పెద్దాయనేమో పాత లారీ డ్రైవరు. "మా కాలంలో బడి ఎక్కడిది? క్లీనరుగా చేరి నేర్చుకోలేదా?" అని ఆయన వాదన. ఇద్దరి మధ్యా కుర్రవాడు నిలబడి చూస్తున్నాడు.

పెద్దాయన మాటను మేము కొట్టివేయము. క్లీనరు చదువు మంచి చదువే. రెండేళ్ళు డ్రైవరు పక్కన కూర్చుని, టైర్లు తట్టి చూసి, తాళ్ళు బిగించి, అర్ధరాత్రి వెనక్కి తీసేటప్పుడు "రానీ, రానీ" అని కేకవేసిన పిల్లవాడికి బండి ఒళ్ళంతా తెలుస్తుంది. ఏ బడీ అది నెల రోజులలో నేర్పలేదు. కాని చట్టం ఆ చదువును లెక్కలోకి తీసుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, అద్దెకు సరుకు మోసే బండికి లైసెన్సు అడిగేవాడు లైసెన్సు పొందిన డ్రైవింగు స్కూలు ఇచ్చిన సర్టిఫికెట్టు చూపవలసిందే. అది ఫారం 5. కాబట్టి క్లీనరుగా పనిచేసినా బడి తప్పదు. తప్పనప్పుడు మంచి బడి చూసుకోవడమే తెలివి.

బడి సంగతికి ముందు వయస్సు సంగతి. చాలా ఇళ్ళలో ఇక్కడే ఒక సంవత్సరం వృథా అవుతున్నది. లారీ తోలడానికి 20 ఏళ్ళు నిండాలి. అది అందరికీ తెలుసు. కారు వంటి తేలిక బండి లైసెన్సు చేతికి వచ్చి ఏడాది నిండితేగాని లారీకి లర్నరు లైసెన్సు ఇవ్వరన్నది అందరికీ తెలియదు. కుర్రవాడికి 20 వచ్చాక కారు లైసెన్సు మొదలుపెడితే లారీకి 21 దాటుతుంది. 18 రాగానే కారు లైసెన్సు తీసిపెట్టుకుంటే ఆ చిక్కు ఉండదు. అమ్మాయిలకూ ఇవే నియమాలు, వేరే ఏవీ లేవు. ఎనిమిదో తరగతి ప్యాసయి ఉండాలన్న షరతును 2019లో తీసివేశారు. పాత నియమం చెప్పి భయపెట్టేవారుంటే నమ్మకండి.

డబ్బు కట్టక ముందే కళ్ళు చూపించండి. వైద్యుని సర్టిఫికెట్టులో చూపుతో పాటు ఎరుపు, ఆకుపచ్చ రంగులు గుర్తుపట్టగలడా లేదా అన్నది కూడా రాయాలి. కొందరికి ఆ రెండు రంగులూ ఒకటిగా కనబడతాయి, కాని పుట్టినప్పటి నుంచీ అంతే గనుక వాళ్ళకే తెలియదు. ఫీజు కట్టాక తెలిస్తే ఇంటికి రెండు దెబ్బలు.

ఇక బడి. ఊరిలో బోర్డు కట్టిన ప్రతి స్కూలూ లారీ నేర్పదు. నేర్పుతామని కొందరు చెప్పినా, వెనుక కొట్టంలో ఉండేది పాత చిన్న వాను ఒకటే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం లారీ వంటి రవాణా బండికి శిక్షణ 30 రోజులకు తగ్గరాదు. అందులో ప్రతి శిష్యుడూ స్టీరింగు పట్టి నిజంగా తోలిన కాలం 15 గంటలకు తగ్గరాదు. శిక్షణ బండికి రెండు జతల కంట్రోళ్ళు ఉండాలి, అంటే గురువు కాలికింద కూడా బ్రేకు ఉండాలి. నేర్పేవారికి పదో తరగతి, కనీసం 5 ఏళ్ళ డ్రైవింగు అనుభవం ఉండాలి. స్కూలు లైసెన్సు, పాఠాల పట్టిక గోడమీద కనబడేటట్టు పెట్టాలి. శిష్యుడు ఎన్ని గంటలు తోలాడో రాసే పుస్తకం వేరే ఉంటుంది, అది ఫారం 15. మర్యాదగా అడిగి ఆ పుస్తకం చూడండి. మంచి స్కూలువారు సంతోషంగా చూపిస్తారు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఒకే లారీ, ఎనిమిదిమంది కుర్రవాళ్ళు, రోజుకు ఒక గంట. ఒక్కొక్కరికి వచ్చేది ఏడున్నర నిమిషాలు. 30 రోజులూ మానకుండా వచ్చినా మొత్తం 3 గంటల 45 నిమిషాలు. పుస్తకంలో 15 గంటలని రాసి ఉంటే మిగిలిన 11 గంటల పైచిలుకు కాగితం మీద తోలినవే. అందుకే ఫీజు ఎంత అని అడగబోయే ముందు, "ఒక బండికి ఎంతమంది? మా వాడు రోజుకు ఎంతసేపు పట్టుకుంటాడు?" అని అడగమంటున్నాము.

రెండో ప్రశ్న, ఏ లారీ? 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త బండ్లన్నీ బి.ఎస్. 6 రకానివి. పెద్ద లారీలలో డీజిలు ట్యాంకు పక్కన యూరియా ద్రవం పోసే చిన్న ట్యాంకు ఉంటుంది. అది అయిపోతే, లేదా అందులో మంచినీళ్ళు పోస్తే, బండి మొరాయిస్తుంది. ముప్పై ఏళ్ళనాటి లారీ మీద నేర్చినవాడికి ఈ సంగతి దారిలో తెలుస్తుంది, అదీ యజమాని ఫోనులో కేకలు వేస్తుండగా. పాత బండి మీద క్లచ్చి, గేరు బాగా వస్తాయి, కాదనము. కొన్ని రోజులైనా కొత్త బండి ఎక్కించే బడి అయితే మేలు.

మూడోది ఖాళీ బండా, బరువు బండా అన్నది. ఇది అన్నిటికంటె ముఖ్యం. సేలం వైపు వెళ్ళేవారికి ధర్మపురి దాటాక తొప్పూరు ఘాటు తెలుసు. అక్కడ లారీలు ముందు బండ్లమీద పడ్డ ప్రమాదాలు పత్రికలలో ఎన్నిమార్లు చదివామో! డీజిలు కలిసివస్తుందని దిగుడులో న్యూట్రలు చేసి వదలడం కొందరికి అలవాటు. ఇంకొందరు ఇంజనే ఆపుతారు. లారీ బ్రేకు గాలితో పనిచేస్తుంది. ఆ గాలిని నింపే కంప్రెసరును తిప్పేది ఇంజను. ఇంజను ఆగితే కొత్త గాలి రాదు. నొక్కిన ప్రతిసారీ ఉన్న గాలి కొంత పోతుంది, స్టీరింగూ బిగుసుకుంటుంది. న్యూట్రలులో అయితే ఇంజను బండిని పట్టి ఆపదు. ఆ పని మొత్తం బ్రేకుల మీద పడి, డ్రమ్ములు కాలి, పట్టు సడలుతుంది. ఖాళీ బండితో నేర్చినవాడికి ఇది ఒంటికి తెలియదు. ఎక్కిన గేరులోనే దిగాలని, ఎగ్జాస్టు బ్రేకు ఎప్పుడు వేయాలని, బయలుదేరే ముందు గాలి ముల్లు ఎంతవరకు రావాలని బరువు బండి మీద కూర్చోబెట్టి చెప్పే గురువు దొరికితే, ఆ బడి పది మైళ్ళ దూరమైనా పంపండి. షోలాపూరు కుర్రవాడికి పూనా–సతారా దారిలో ఖంబాట్కి ఘాటు, మంగుళూరు సరుకు తోలేవారికి శిరాడి ఘాటు ఎలాగూ ఎదురవుతాయి.

పెద్ద శిక్షణ సంస్థలు కొన్ని ఉన్నాయి. లారీలకు పేరుపడ్డ నామక్కల్లులో అశోక్ లేలాండు కంపెనీ, తమిళనాడు ప్రభుత్వంతో కలిసి పెట్టిన డ్రైవరు శిక్షణ సంస్థ 1995 నుంచి ఉన్నది. ఒడిశాలో జాజ్‌పూర్ జిల్లా ఛతియా దగ్గర ఆ కంపెనీ నడిపే సంస్థ ఉన్నది. బరంపురం వారికి అది దూరమే గాని పోలేనంత కాదు. కర్ణాటకలోని మనవారు ధార్వాడ వైపు విచారించవచ్చు. బస ఉందా, భోజనం ఉందా, ఏ భాషలో చెబుతారు అన్నవి ఉత్తరం రాసో ఫోను చేసో ముందే కనుక్కోండి. ఇవిగాక 2021 జూలై 1 నుంచి ప్రభుత్వం గుర్తించిన శిక్షణ కేంద్రాలని కొత్త తరహా వచ్చింది. అక్కడ భారీ బండికి ఆరు వారాలలో 38 గంటల శిక్షణ. ప్యాసయినవారు ఆర్టీవో ఆఫీసులో మళ్ళీ తోలి చూపనక్కరలేదు. "మేమూ అలాంటి వాళ్ళమే" అని చెప్పే స్కూళ్ళకు మాత్రం, "ఫారం 5 ఇస్తారా, ఫారం 5బి ఇస్తారా?" అని ఒక్క మాట అడగండి. గుర్తింపు కేంద్రం ఇచ్చేది 5బి.

ఇక ఆ మధ్యవర్తి తెచ్చే కాగితం. అది పట్టుబడితే పోలీసు సంగతి ఒకటి. పట్టుబడకపోతేనే మాకు ఎక్కువ భయం. రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీవారు మొట్టమొదట అడిగేది డ్రైవరు లైసెన్సు. అది సరైనది కాదని తేలితే, దెబ్బతిన్నవారికి డబ్బు కట్టి, దాన్ని బండి యజమాని దగ్గర రాబట్టుకోవడానికి కంపెనీ కోర్టులో అడగవచ్చు. అప్పుచేసి సొంత లారీ కొన్న ఇంట్లో యజమాని ఎవరు? నాన్నగారో, మామగారో. ఇల్లు ఎవరి పేరున ఉందో వేరే చెప్పనక్కరలేదు. అమ్మా, ఆయనకు టీ ఇచ్చి పంపించండి, డబ్బు ఇవ్వకండి.

వెంటనే పెద్ద లారీ ఎక్కాలని కూడా లేదు. కారు లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు సరుకు బండి తోలవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 6న దానినే స్థిరపరచింది. 20 ఏళ్ళు నిండిన పిల్లవాడు ఒక ఏడాది చిన్న బండి మీద మార్కెట్టు సరుకు తోలి, దారులు, బిల్లులు, మనుషుల మాటతీరు తెలుసుకుని, ఆ సంపాదనతోనే లారీ బడి ఫీజు కట్టుకోవచ్చు. మమ్మల్ని అడిగితే ఇదే మంచి దారి. పెద్దాయన చెప్పే క్లీనరు చదువు కూడా ఇందులో సగం కలిసివస్తుంది.

ఉద్యోగంలో చేరేటప్పుడు పనిగంటలు మొహమాటం లేకుండా అడగమని కూడా చెప్పండి. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8, వారానికి 48 గంటలని పెట్టింది. దారిలో అది ఎంతవరకు సాగుతున్నదో పెద్దాయనే చెప్పగలరు. 2025 అక్టోబరు 1 తరువాత తయారైన లారీల క్యాబినులో ఏసీ తప్పనిసరి. ఎండలో ఇంజను పక్కన కాలినవారికి ఇది కలలాగే ఉంటుంది.

పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లకు జీతం కొంత మెరుగని చాలామందికి ఆశ. దానికి మూడు రోజుల వేరే శిక్షణ, లైసెన్సుమీద వేరే రాత కావాలి. ఇంగ్లీషుతో పాటు, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఒక భాష చదవను, రాయను రావాలి. ఆ షెడ్యూలులో తెలుగు ఉన్నది. ఆదివారం తెలుగు తరగతికి ఎగనామం పెట్టే పిల్లలకు ఈ మాట కాస్త గట్టిగా చెప్పవచ్చు.

యానాం పాఠకులకు ఒక ముక్క. మీ ఊరు పుదుచ్చేరి ప్రభుత్వం కింద, కాకినాడ బడులు ఆంధ్ర ప్రభుత్వం కింద. శిక్షణ పొందిన బడి ఉన్నచోట కూడా దరఖాస్తు పెట్టుకోవడానికి చట్టంలో వీలున్నది. లైసెన్సు ఎక్కడ ఇచ్చినా దేశమంతటా చెల్లుతుంది. అయినా చేరకముందే ఆ స్కూలువారిని, రెండుచోట్ల రవాణా ఆఫీసువారిని అడిగి, ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి. ఫీజు ఒక్కసారిగా కట్టకుండా సగం చేరేటప్పుడు, సగం పదిహేనో రోజున అని మాట్లాడుకుని, రెండింటికీ రశీదు తీసుకోండి.