ఏ పట్టుల పడ్డవ్?

పోయిన సంచికలో మన అరుగు మీద ఊరగాయ జాడీల ముచ్చట చెప్పుకున్నాం. ఈసారి అరుగు దిగి ఇంట్లోకి, టీవీ ముందుకు రావలసి వచ్చింది. డెబ్భై దాటినవాడికి వీడియో గేముల గొడవ ఎందుకని మా ఇంటావిడ కూడా అడిగింది. ఆ గొడవ నేను వెతుక్కుంటూ పోయింది కాదు, తనే మా గుమ్మం తొక్కింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా మనవడు, ఎనిమిదో తరగతి, టీవీలో కొట్లాట ఆట ఆడుతున్నాడు. వరసగా మూడుసార్లు ఓడాడు. మూడోసారి చేతిలో ఉన్న కంట్రోలర్‌ను దివాన్ మీదికి విసిరికొట్టాడు. అది చూసి వాడి నాన్న కేకలేశాడు. రేపే ఆ పెట్టెను పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తానన్నాడు. పిల్లవాడు లోపలికి పోయి తలుపేసుకున్నాడు. రెండు రోజులు తండ్రీకొడుకుల మధ్య మాట లేదు. కంచాల ముందు కూడా మౌనమే. అసలే వాడు బళ్లో ఇంగ్లీషు, వీధిలో మరాఠీ మాట్లాడతాడు. ఇంట్లో వినపడే నాలుగు తెలుగు ముక్కలూ బంద్ అయ్యాయి.

నాకు మా వస్తాదు గుర్తొచ్చాడు.

చిన్నప్పుడు ఈ షోలాపూర్‌లోనే, మా పేట తాలీంలో (తాలింఖానా అంటే మీకు బాగా తెలుస్తుందేమో) నాలుగేళ్లు ఎర్రమట్టిలో పొర్లాను. మల్లుణ్ణి కాలేదు గానీ, మా వస్తాదు అలవాటు ఒకటి మాత్రం మరచిపోలేదు. ఓడినవాణ్ణి ఆయన తిట్టేవాడు కాదు, ఓదార్చేవాడూ కాదు. దగ్గరికి పిలిచి ఒక్కటే అడిగేవాడు: “ఏ పట్టుల పడ్డవ్ రా?” సరిగ్గా చెబితే గ్లాసెడు పాలు. తెలియదంటే మళ్లీ వాడితోనే కుస్తీ.

మూడో రోజు మా మనవణ్ణి అదే అడిగాను. వాడు నావైపు వింతగా చూశాడు.

“ఏమో తాతా. వాడేదో కొట్టిండు, నేను పడ్డ.”

“అయితే తప్పు నీదో ఆటదో చూద్దాం పా.”

ఆ రోజు నుంచి మూడు నెలలు వాడి పక్కన కూచున్నాను. నేను నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెబుతాను. ఓడినవాడికి తానెందుకు ఓడాడో తెలిసేలా ఉన్నదే మంచి కొట్లాట ఆట. బొమ్మల తళుకూ, సంగీతం హోరూ ఆ తర్వాతి మాట.

ఈ ఆటలు చూడనివారి కోసం నాలుగు మాటలు. తెర మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. పైన ఇద్దరికీ చెరొక ప్రాణరేఖ ఉంటుంది. దెబ్బ తగిలినకొద్దీ అది తరుగుతుంది, ఎవరిది ముందు అయిపోతే వారు ఓడినట్టు. ఈ తరహాకు దారి వేసింది జపానులోని క్యాప్‌కామ్ కంపెనీ 1991లో తెచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’. దానికి 1987లో ఒక అన్నగారున్నారు గానీ, లోకాన్ని ఊపింది తమ్ముడే. ఒక కర్ర, ఆరు బటన్లు: మూడు గుద్దులకు, మూడు తన్నులకు. ఎంచుకోవడానికి ఎనిమిది మంది యోధులు. మా ఇంట్లో ఉన్నది అదే వంశంలో 2023లో వచ్చిన ఆరో ఆట.

ఆ ఎనిమిది మందిలో మన దేశం మనిషి కూడా ఉన్నాడు. పేరు ధాల్సిమ్, యోగి. మనవాడే కదా అని సంబరపడబోయాను. తీరా చూస్తే మెడలో పుర్రెల దండ, నోట్లోంచి మంట! యోగం గురించి జపానువారికి ఎవరు చెప్పారో గానీ తాతా మనవళ్లం కడుపుబ్బ నవ్వుకున్నాం. అయినా ఆ బొమ్మలో ఒక తెలివి ఉంది. అతని చేతులూ కాళ్లూ రబ్బరులా సాగుతాయి. దూరం నుంచి కొడతాడు, కదలికలో నిదానం. అదే ఆటలో జాంగీఫ్ అని రష్యా మల్లుడొకడున్నాడు, కొండలాంటి మనిషి. దగ్గరికి వచ్చి పట్టుకున్నాడంటే ఎత్తి నేలకేసి కొడతాడు. కానీ దగ్గరికి రావడమే అతనికి కష్టం. నా ఓటు ఎవరికో మీరు ఊహించే ఉంటారు. ఎవరి బలమేదో, ఎవరి లోపమేదో ఒంటి తీరు చూస్తేనే సగం తెలిసిపోవాలి. ఇది మంచి ఆటకు మొదటి గుర్తు.

రెండోది, ఏ ఎత్తుకైనా విరుగుడు ఉండాలి. పిల్లలు ఆడే రాయి, కాగితం, కత్తెర లాంటిదే ఇదీ. గుద్దును కాచుకోవచ్చు. కాచుకుని కూచున్నవాణ్ణి పట్టి పడేయొచ్చు. పట్టుకోవడానికి వచ్చేవాణ్ణి ముందే గుద్దొచ్చు. ఒకే బటన్ టకటకా నొక్కి ప్రతిసారీ గెలవగలిగితే ఆ ఆటలో పస లేనట్టే.

మూడోది కాలం లెక్క. తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది. ఒక్కో మార్పును ఫ్రేమ్ అంటారు. చిన్న గుద్దు నాలుగైదు ఫ్రేముల్లో తగులుతుంది, అంటే సెకనులో పదో వంతు కూడా పట్టదు. మనిషి కంటితో చూసి చేత్తో బదులివ్వడానికి సెకనులో ఐదో వంతో, నాలుగో వంతో కావాలి. అందుకని చిన్న గుద్దును చూసి ఆపడం ఎవరి తరమూ కాదు, అది వస్తుందని ముందే పసిగట్టాలి. పెద్ద దెబ్బ అలా కాదు. యోధుడు చెయ్యి వెనక్కి లాగి మరీ కొడతాడు. ఆ లాగడం కనబడుతుంది. అది గురి తప్పితే సర్దుకోవడానికీ సమయం పడుతుంది, ఆ సందే ఎదుటివాడికి అవకాశం. మంచి ఆటలో బొమ్మ గీసినవాడు ఈ లెక్కను కంటికి కనబడేలా గీస్తాడు.

దెబ్బ మీద దెబ్బ గొలుసుకట్టుగా వేయడాన్ని కాంబో అంటారు. ‘స్ట్రీట్ ఫైటర్ 2’ తయారవుతుండగా ఇలా కుదురుతున్నదని తయారుచేసినవారే అనుకోకుండా గమనించారట. పొరపాటేలే అని ఉండనిచ్చారు. తర్వాత ఈ తరహా ఆటలన్నిటికీ అదే వెన్నెముకైంది. తప్పును దిద్దాలా, ఉంచాలా అన్నది తెలియడమూ ఒక విద్యే.

నాలుగోది సమానత. 1994 నాటి ‘సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో’లో అకూమా అని ఒక రహస్య యోధుణ్ణి దాచిపెట్టారు. అతని ముందు మిగతావారు నిలవలేకపోయారు. చివరికి ఆటగాళ్లే పోటీల్లో అతన్ని వాడకూడదని కట్టడి చేసుకున్నారు. మా తాలీంలో కూడా పన్నెండేళ్ల కుర్రవాడి మీదికి పాతికేళ్ల వస్తాదును వదిలేవారు కాదు. ఆ ఓటమిలో నేర్చుకునేదేముంది?

ఇన్ని లెక్కలు చెబుతుంటే ఆట చప్పగా ఉంటుందేమోనని అనిపించవచ్చు. 2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ‘ఈవో’ పోటీల్లో జరిగిన ఒక కుస్తీ వీడియోను మనవడు నాకు చూపించాడు. ఆట ‘స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్’. జపాను ఆటగాడు దైగో ఉమెహారాకు ప్రాణరేఖ గీతంత మాత్రమే మిగిలింది. ఎదుటి అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ తన పెద్ద అస్త్రం వదిలాడు, వరసగా 15 దెబ్బలు. మామూలుగా కాచుకున్నా పెద్ద అస్త్రానికి కొంచెం ప్రాణం పోతుంది, ఆ కొంచెమే చాలు చావడానికి. ఆ ఆటలో మరో దారి ఉంది. దెబ్బ తగిలే సరిగ్గా ఆ క్షణాన వెనక్కి తగ్గకుండా కర్రను ముందుకు నెడితే దెబ్బ వృథా అవుతుంది. దైగో పదిహేనింటినీ అలాగే తిప్పికొట్టి, తిరిగి కొట్టి గెలిచాడు. హాలంతా లేచి నిలబడింది. ఇక్కడ నేను కూడా కుర్చీలోంచి లేచాను. తర్వాతి ఫైనల్లో ఆయన ఓడిపోయాడన్నది చాలామందికి గుర్తుండదు.

ఇక మా ఇంటి తగవుకు వద్దాం. కొత్త ఆటల్లో ఒక సదుపాయం ఉంది. ఆడిన పోటీని మళ్లీ వేసుకుని, కావాలంటే ఫ్రేము ఫ్రేముగా ఆపి చూడొచ్చు. ఆ ఆదివారం నాటి మూడు ఓటములనూ వేయించాను. రెండింటిలో ఒకటే కథ. మావాడు దగ్గరికి పోవడానికి ప్రతిసారీ గెంతుతున్నాడు. ఈ ఆటలో గాల్లోకి లేచాక దారి మార్చుకోవడం దాదాపు కుదరదు, ఎక్కడ దిగుతావో ఎదుటివాడికి ముందే తెలుసు. అతను కింద నిలబడి పైకి గుద్దుతున్నాడు. మట్టిలో అయినా అంతే, కాలు నేల విడిచిందా, పడ్డట్టే.

మూడో ఓటమి మాత్రం వాడి తప్పు కాదు. వెనక గదిలోని వైఫై టీవీదాకా అందక అందక అందుతోంది. వాడు నొక్కిన బటన్ ఆలస్యంగా పలికింది. దూరాన ఉన్న ఇద్దరు ఆడుకునేటప్పుడు ఇదే పెద్ద చిక్కు. పాత పద్ధతిలో ఎదుటివాడి కబురు అందేదాకా ఇద్దరి బటన్లనూ ఆపేవారు. టోనీ కానన్ అనే అమెరికా ఆటగాడు విసిగిపోయి 2006లో వేరే ఉపాయం తెచ్చాడు. కబురు కోసం ఆగకుండా, ఎదుటివాడు ఇప్పుడేం చేస్తున్నాడో అదే చేస్తాడని యంత్రం ఊహించి ఆటను నడుపుతుంది. ఊహ తప్పితే కొన్ని ఫ్రేములు వెనక్కి పోయి, రెప్పపాటులో దిద్దుకుంటుంది. దీన్నే రోల్‌బ్యాక్ అంటున్నారు. ఇప్పుడు మంచి ఆటల్లో ఇది ఉండి తీరాలని పిల్లలే అడుగుతున్నారు. అయినా ఇంట్లో తీగ సరిగా లేకపోతే ఏ ఉపాయమూ పూర్తిగా గట్టెక్కించదు. మేము టీవీదాకా తీగ లాగించాం.

పెద్దలకు మరో రెండు మాటలు. కొట్లాట ఆట అంటే నెత్తురే కానక్కరలేదు. 1992లో వచ్చిన ‘మోర్టల్ కాంబాట్’లోని నెత్తురు చూసి అమెరికా సెనేట్ 1993లో విచారణ జరిపింది. 1994లో అక్కడ ఆటలకు వయసు గుర్తులు వేసే మండలి వచ్చింది. కొనేముందు పెట్టె మీద ఆ గుర్తు చూడండి. ఇక డబ్బు సంగతి. కొత్త యోధులను విడిగా అమ్ముతుంటారు. మావాడూ ఒకణ్ణి అడిగాడు. “అతను ఏ పట్టులో పడతాడో చెప్పు, కొందాం” అన్నాను. వారం ఆలోచించి, ఉన్నవాడే చాలన్నాడు.

వయసు మీరిందని నాలాంటివారు వెనకాడనక్కరలేదు. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ‘స్ట్రీట్ ఫైటర్ 5’కు పతకాలిచ్చారు. బంగారం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూకు అప్పుడు 44 ఏళ్లు. 2019లో ‘టెక్కెన్ 7’లో జపానులోనూ, అమెరికాలోనూ ఈవో గెలిచినవాడు లాహోర్ కుర్రవాడు అర్స్‌లాన్ యాష్. అప్పటిదాకా బయటి ప్రపంచానికి అతను పెద్దగా తెలియదు. తనలాంటి గట్టివారు ఇంటిదగ్గర ఇంకా ఉన్నారని చెప్పాడు. పక్కపక్కన కూచుని, ఓడించి, ఎందుకు ఓడావో చెప్పే జోడీ ఉంటే ఏ ఊరైనా తాలీమే.

మా ఇంట్లో అంతా చక్కబడిందని చెప్పను. రోజుకు ఒక గంటే అని వాడి నాన్న పెట్టిన కట్టడి అలాగే ఉంది. కంట్రోలర్ ఇంకోసారి దివాన్ మీద పడింది కూడా. కానీ పోయిన ఆదివారం తండ్రి కూడా వచ్చి కూచున్నాడు. జాంగీఫ్‌తో ఆడటానికి కర్రను గుండ్రంగా పూర్తి చుట్టు తిప్పి గుద్దు బటన్ నొక్కాలి. నా వేళ్లకు అది పదిసార్లకు ఒకసారి పలుకుతుంది. వరసగా ఏడుసార్లు మనవడి చేతిలో ఓడాను. వాడు నావైపు తిరిగి, మా వస్తాదు గొంతు ఎన్నడూ వినకపోయినా అచ్చం అలాగే అడిగాడు.

“తాతా, ఏ పట్టుల పడ్డవ్?”

“తొందరపడి పట్టుకొనొచ్చిన. నువ్వు ముందే గుద్దినవ్.”

వాడు సరేనన్నట్టు తలూపి వంటింటివైపు అరిచాడు. “నానమ్మా, తాతకు గ్లాసెడు పాలు!”

మీ ఇళ్లలో పిల్లలు ఏమాడుతున్నారో, మీరు ఏ పట్టులో పడ్డారో రాయండి. వచ్చే సంచికలో ఈ అరుగు మీదే కలుద్దాం.