వినేవారిదే అనుమతి, వారిదే సమీక్ష

సంత్రాగాఛి (హౌరా): పెగాసస్ నిఘా ఆరోపణలపై విచారణకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2021 జూలైలో జస్టిస్ మదన్ లోకూర్ నాయకత్వాన ద్విసభ్య కమిషన్‌ను నియమించింది. సంత్రాగాఛికి చేరువలోని హౌరా సచివాలయం నబన్నా నుంచి వెలువడిన ఆ నిర్ణయం ఫలితమివ్వలేదు. డిసెంబర్‌లో కమిషన్ విచారణను సుప్రీంకోర్టు నిలిపివేసింది. కోర్టు స్వయంగా నియమించిన సాంకేతిక సంఘం పరీక్షించిన 29 ఫోన్లలో ఐదింట హానికర సాఫ్ట్‌వేర్ కనిపించినా, అది పెగాసస్ అని నిర్ధారణ కాలేదు. కేంద్రం సంఘానికి సహకరించలేదని 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది. చట్టవిరుద్ధ నిఘా జరగలేదన్నది కేంద్రం వాదన.

అసలు ప్రశ్న అంతకంటే పాతది. టెలిఫోన్ సంభాషణలు వినేందుకు అనుమతి ఎవరివ్వాలి? 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఆ అధికారాన్ని ప్రభుత్వానికే అప్పగించింది. పౌరహక్కుల ప్రజా సంఘం (పీయూసీఎల్) కేసులో 1996 డిసెంబర్ 18న తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు, హోం కార్యదర్శి ఉత్తర్వు, రెండు నెలల గడువు, ఆరు నెలల గరిష్ఠ పరిమితి, ఉన్నతాధికారుల సమీక్ష సంఘం వంటి రక్షణలు విధించింది. అయితే చట్టంలో లేనందున న్యాయమూర్తి ముందస్తు అనుమతిని తాము విధించజాలమన్నది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించిన తరువాత కూడా ఈ లోటు తీరలేదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, 2024 డిసెంబర్ నిబంధనలు పాత పద్ధతినే కొనసాగించాయి.

కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 ఉత్తర్వులు జారీ చేస్తున్నట్లు 2013లో సమాచార హక్కు చట్టం కింద వెల్లడైంది. అంటే రోజుకు 250కి పైగా. ఒక్కొక్కదాన్ని క్షుణ్ణంగా పరిశీలించడం ఏ కార్యదర్శికైనా, ఏ సంఘానికైనా సాధ్యమా?

తెలంగాణ ఉదంతం ఈ సందేహాన్ని బలపరుస్తోంది. ప్రత్యేక నిఘా విభాగం అధికారులు రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపిస్తూ 2024 మార్చిలో హైదరాబాద్‌లో కేసు నమోదైంది. ఆరోపణల నిజానిజాలు కోర్టు తేల్చవలసినవే. అయినా, రికార్డులే మిగలకపోతే సమీక్ష సంఘం దేనిని సమీక్షిస్తుంది?

అమెరికాలో నేర దర్యాప్తు నిమిత్తం ఫోన్లు వినాలంటే 1968 నుంచి న్యాయమూర్తి ఉత్తర్వు అవసరం. బ్రిటన్ 2016 చట్టం ప్రకారం మంత్రి జారీ చేసిన వారంటును న్యాయ కమిషనర్ ఆమోదించాలి. అత్యవసర సందర్భాలకు అక్కడ మినహాయింపులున్నాయి. ఉగ్రవాదం, గూఢచర్యం ఎదుర్కొంటున్న దేశానికి నిఘా అవసరమే. కోరేవారూ, అనుమతించేవారూ, సమీక్షించేవారూ ప్రభుత్వంలోనివారే అయినప్పుడు మాత్రం పౌరునికి మిగిలేది అధికారుల మాటపై నమ్మకమొక్కటే.