సంపాదకుని మాట: చిల్లుల అట్ట

1890వ సంవత్సరపు అమెరికా జనాభా లెక్కలకై హెర్మన్ హాలరిత్ నిర్మించిన యంత్రమున, చిల్లులు పొడిచిన అట్టముక్కపైకి సూదులు దిగగా, చిల్లున్నచోట సూది పాదరసపు గిన్నెను తాకినంతనే విద్యుత్తు ప్రసరించి, గడియారపు ముఖమువంటి ఫలకముపై ముల్లు ఒక్క అంకె ముందునకు జరిగెడిది. ఆ చిన్ని కదలికయే ఐ.బి.ఎం. మహాసంస్థకు బీజమని తలచినప్పుడెల్ల నా మనస్సు ఆశ్చర్యభరితమగును. 1911లో హాలరిత్ సంస్థయు, త్రాసులను, గడియారములను చేయు సంస్థలును ఏకమయ్యెను. 1924లో ఆ సంస్థకు నేటి పేరు వచ్చెను. అయినను నన్ను మిక్కిలి ఆకర్షించునది 1964 నాటి సాహసము: చిన్న యంత్రమునకు వ్రాసిన ప్రోగ్రాము పెద్దదానియందును నడచునట్లు సిస్టమ్ 360 అను ఒకే కుటుంబమును సృష్టించుటకై, అంతవరకు లాభములు తెచ్చుచున్న తన యంత్రములనే ఆ సంస్థ ప్రక్కకు నెట్టినది. ఈ సంచికలోని ప్రధానవ్యాసము ఆ కథనే సవిస్తరముగా చెప్పును. పాఠకులు తీరికగా చదువ ప్రార్థన.