చెయ్యి ఎప్పుడు వణుకుతోంది?

చలికి ఒళ్లు వణికితే డాక్టర్లు దాన్ని ట్రెమర్ అనరు. ఒంట్లో ఏదో ఒక భాగం మన అదుపు తప్పి, ఒకే లయలో ఆడుతుంటే ఆ మాట వాడతారు. ఆ వెంటనే చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఆడుతోందా, పని చేసేటప్పుడా అని అడుగుతారు. రుద్రవరం, ఆళ్లగడ్డ వైపు పల్లెల్లో మనం ఆ ప్రశ్న దాకా పోము. ఈడు మీద పడింది, వణుకు రాక ఏమొస్తుందని సరిపెట్టుకుంటాం. ఈ సరిపెట్టుకోవడం వల్లే బాగుపడే మనుషులు కూడా మూలన పడుతున్నారు. టీ గ్లాసు నోటి దాకా తెచ్చేసరికి ఒలికిపోతే, సంతకం వంకర్లు పోతే అది చాలావరకు ఎసెన్షియల్ ట్రెమర్. తరచూ వంశంలోనే ఉంటుంది. అలా కాక, అరుగు మీద ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లో చెయ్యి మాత్రలు చుడుతున్నట్టు ఆడి, గ్లాసు అందుకోగానే తగ్గితే పార్కిన్సన్స్ జబ్బును అనుమానించాలి. అది ఎక్కువగా ఒక పక్కనే మొదలవుతుంది. చొక్కా గుండీలు పెట్టుకోను చానాసేపు పడుతుంది, అడుగులు చిన్నవవుతాయి. రెంటికీ మందులు వేరు. థైరాయిడ్ ఎక్కువైనా, ఆయాసానికి వాడే సాల్బుటమాల్ వల్లా కూడా చేతులు వణుకుతాయి.

పల్లెలో నరాల డాక్టరు ఎక్కడ దొరుకుతాడని అడగొచ్చు. న్యాయమైన మాటే. కానీ లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో పార్కిన్సన్స్ జబ్బును వర్ణించింది ఆరుగురిని చూసి. అందులో కొందరు వీధిలో కనబడినవాళ్లే. ఆయనకు స్కానూ లేదు, రక్తపరీక్షా లేదు. ఇప్పటికీ ఈ జబ్బును ప్రధానంగా మనిషిని చూసే పోల్చుకుంటారు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఆడుతోందా, పని చేసేటప్పుడా అనే ఒక్క ప్రశ్న నేర్పితే, ఎవరిని నంద్యాలకో కర్నూలు పెద్దాసుపత్రికో పంపాలో తేలుతుంది. నయం కాని జబ్బుకు ఇంత హడావుడి ఎందుకనే వాళ్లూ ఉన్నారు. పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మందు జబ్బును మాన్పదు, నిజమే. కానీ తన అన్నం తాను కలుపుకుని తినగలిగే ఏళ్లను పెంచుతుంది. అది చిన్న సంగతా? ఇక నల్లమలలో దొరికే దూలగొండి గింజలో ఆ లెవోడోపాయే ఉంది కదా, మాత్రలెందుకంటారు. ఆయుర్వేదం కంపవాతానికి దాన్ని వాడటం వట్టి నమ్మకమేమీ కాదు. చిక్కల్లా గింజ గింజకూ మోతాదు మారడమే. మాత్రలు మింగుతూ పైన ఆ పొడి కూడా తింటే, మెడా చేతులూ వాటంతట అవే మెలికలు తిరగొచ్చు.