అమ్మ కూర్చునే సీటు

వేసవి దగ్గర పడింది. మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పుడు అమ్మానాన్నల అమెరికా టికెట్ల గురించే మాటలు. దోహా మీదుగా రమ్మందామా, దుబాయ్ మీదుగానా? ఢిల్లీలో విమానం మారాలంటే వాళ్ళిద్దరివల్లా అవుతుందా? నాన్న మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మా ఇంట్లోనూ ఇవే మాటలు. అందుకే ఎయిరిండియా తన దూరప్రయాణపు విమానాలను మారుస్తోందన్న వార్తలను నేను ఇంటి సంగతిలాగే చదువుతున్నాను.

2022 జనవరి 27న ఆ సంస్థ మళ్ళీ టాటాల చేతికి వచ్చింది. ఆ డిసెంబరులో పాత బోయింగ్ 787-8లు, 777ల లోపలి భాగమంతా 40 కోట్ల డాలర్లతో మార్చేస్తామన్నారు. 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకు ఆర్డరు పెట్టారు. వాటిలో మన దూరాలకు పనికొచ్చే పెద్దవి 70: ఎయిర్‌బస్ ఏ350లు 40, బోయింగ్ 787-9లు 20, 777-9లు 10. మొదటి ఏ350 ఆ ఏడాది చివర్లోనే ఢిల్లీలో దిగింది. 2024 నవంబరులో ఢిల్లీ-న్యూయార్క్ దారిలోకి వచ్చింది.

ఆ ఏ350లో 316 సీట్లు. తలుపు వేసుకుని పడుకోగలిగే బిజినెస్ సీట్లు 28, ప్రీమియం ఎకానమీ 24, మిగిలిన 264 ఎకానమీ. ప్రకటనల్లో మనకు ఎక్కువగా కనిపించేది ఆ 28 సీట్ల సొగసే. మన అమ్మలు కూర్చునేది 264లో. అయితే ఈ విమానంలో వెనక కూర్చున్నవాళ్ళకూ సమానంగా దక్కే మేలు ఒకటుంది, గాలి. పాత రకం విమానాల్లో లోపలి గాలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. కార్బన్ ఫైబర్‌తో కట్టిన ఏ350, 787 లాంటి వాటిలో అది 6,000 అడుగుల దగ్గర నిలుస్తుంది, గాలిలో తేమ కూడా కాస్త ఎక్కువ. ఊటీకన్నా పైన పదిహేను గంటలు కూర్చోవడానికీ, ఊటీకన్నా బాగా దిగువన కూర్చోవడానికీ ఉన్న తేడా అది. డెబ్బై దాటిన ఒంటికి అది చిన్న తేడా కాదు. పిల్లలు టికెట్ కొనేటప్పుడు ధర, లగేజీ చూసినట్టే విమానం ఏ రకమో కూడా చూడాలని నా అభిప్రాయం.

కిందటేడు మా అమ్మ ఒంటరిగా వచ్చింది. ఏ సంస్థ విమానమన్నది ఇక్కడ అనవసరం. ఆవిడకు షుగర్. మాత్ర వేసుకున్న అరగంటలో తినాలి. ట్రాలీ రెండు వరసల దూరంలోకి రాగానే మాత్ర చేతిలోకి తీసుకుంది. అంతలో కుదుపులు మొదలయ్యాయి, సిబ్బంది ట్రాలీని వెనక్కి తీసుకెళ్ళి కూర్చున్నారు. గంట గడిచింది. మాత్ర చెమటకు మెత్తబడి అరచేతికి అంటుకుంది. తీరా వచ్చి అడిగిన మాట అమ్మకు అర్థం కాలేదు. తల ఊపింది. చికెన్ పెట్టి వెళ్ళారు. రేకు మూత తీసి చూసి, మళ్ళీ అంచులు నొక్కి మూసేసింది. చేతిసంచిలో వేయించిన అటుకులుంటే వాటితో మాత్ర వేసుకుంది. పక్కన ఇద్దరు నిద్రపోతున్నారని బాత్రూమ్‌కి లేవలేదు. లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగలేదు. దిగేసరికి కాళ్ళు వాచిపోయి పాదాలు చెప్పుల్లో పట్టలేదు. కారెక్కుతూ "బాగానే జరిగింది నాన్నా" అంది.

ఆ అరచేతిలో మాత్ర నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. సీట్ల గుడ్డ మారుస్తున్నారు, టీవీ తెరలు మారుస్తున్నారు, సంతోషమే. ఆ గుడ్డతో పాటు అమ్మను "ఏం తింటారండీ" అని అడిగే మనిషి కూడా కావాలి. ఎమిరేట్స్ విమానం ఎక్కినవాళ్ళకు తెలుసు, సిబ్బంది ఏయే భాషలు మాట్లాడతారో మైకులో చెబుతారు. అమెరికా నుంచి ఢిల్లీ మీదుగా హైదరాబాద్ చేరే పెద్దవాళ్ళు ఎందరో ఎయిరిండియాకు మనకన్నా బాగా తెలుసు. ఆ విమానాల్లో తెలుగు వచ్చినవాళ్ళు ఒక్కరైనా ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

నేరుగా వచ్చే విమానం సంగతి కూడా అడగాలి. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు ఎయిరిండియా డైరెక్ట్ ఫ్లైట్ మొదలైంది. శంషాబాద్‌లో ఎక్కితే షికాగోలోనే దిగడం. కొంతకాలానికే అది ఆగిపోయింది. ఆ తరవాత లుఫ్తాన్సా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి, కేఎల్ఎం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి హైదరాబాద్‌కు వచ్చాయి. మంచిదే, కానీ రెండింట్లోనూ మధ్యలో దిగి మారక తప్పదు.

కష్టాలు ఆ సంస్థకూ ఉన్నాయి, కాదనను. సీట్లు తయారుచేసే కంపెనీలు ఆలస్యం చేశాయి. మొదటి 787-8 మార్పుల కోసం కాలిఫోర్నియాలోని విక్టర్‌విల్ చేరేసరికి 2025 జులై అయింది, అంటే ప్రకటించిన రెండున్నరేళ్ళకు. దానికి నెల ముందే, జూన్ 12న, అదే రకం విమానం అహ్మదాబాద్‌లో కూలి అందులోని 241 మంది చనిపోయారు. కింద ఉన్నవాళ్ళు కూడా పోయారు. ఆ ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మూసేయడంతో ఢిల్లీ నుంచి అమెరికా ప్రయాణం ఇంకా పొడవైంది, కొన్ని విమానాలు మధ్యలో వియన్నాలో ఇంధనం కోసం దిగాల్సి వచ్చింది. మార్పులకు విమానాలు వెళ్ళి ఏర్పడిన కొరత, ఈ చుట్టుదారి కారణంగా సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసును ఆపేశారు. వర్జీనియా, మేరీల్యాండ్‌లోని మనవాళ్ళకు ఆ దెబ్బ సూటిగా తగిలింది.

మన వంతు కూడా చెప్పుకోవాలి. 2025 మార్చిలో షికాగో నుంచి ఢిల్లీ బయల్దేరిన విమానం బాత్రూములు పూడుకుపోయి అట్లాంటిక్ మీంచి వెనక్కి తిరిగింది. పైపుల్లో ప్లాస్టిక్ సంచులు, గుడ్డలు దొరికాయని సంస్థ చెప్పింది. తొలిసారి ఎక్కే పెద్దవాళ్ళకు ఆ బాత్రూమ్ ఎలా వాడాలో ఇంట్లో ఎవరైనా చెప్పారా? ఒక ఫోన్ వీడియోలో రెండు నిమిషాల పని.

వీల్‌చెయిర్ విషయమూ అంతే. నడవలేక కాదు, దారి తెలియక అడుగుతున్నవాళ్ళు మనలో చాలామంది. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ముంబయిలో దిగిన ఒక వృద్ధ దంపతులకు ఒక్క కుర్చీయే దొరికింది. భార్యను అందులో కూర్చోబెట్టి నడిచిన ఎనభై ఏళ్ళ పెద్దాయన ఇమిగ్రేషన్ దగ్గర కూలి ప్రాణం విడిచారు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఎయిరిండియాకు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. జరిమానా సబబే. దారి చూపే మనిషిని వేరే ఏర్పాటు చేస్తే, కుర్చీ నిజంగా కావలసినవాళ్ళకు మిగులుతుంది. ఆ మాట కూడా మనం అడగాలి.

భోజనం సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. టికెట్ బుక్ చేసేటప్పుడు చాలామంది వెజ్ అనుకుని వీజీఎంఎల్ నొక్కుతారు. అది వీగన్, అందులో పెరుగు రాదు. మన తిండికి దగ్గరగా ఉండేది ఏవీఎంఎల్, షుగర్ ఉన్నవాళ్ళకు డీబీఎంఎల్. కనీసం ఒకరోజు ముందే చెప్పాలి. నేను ఆ పని మరిచిపోయాను, అమ్మ అటుకులు తిన్నది.

మీ అమ్మానాన్నల ప్రయాణం ఎలా జరిగిందో మాకు రాయండి. తేదీ, ఫ్లైట్ నంబరు, సీటు నంబరు, పని చేయనిదేమిటి, మంచిగా చూసినవాళ్ళెవరు, అన్నీ రాయండి. వచ్చే సంచిక లోపు అన్నిటినీ ఒక వినతిపత్రంగా కూర్చి, మన సంఘం తరఫున ఎయిరిండియాకు పంపుతాం.