దేశమంతటికీ ఒకే ఐదు శాతం నిబంధన వద్దు

ఓట్ల శాతాన్ని బట్టి పార్టీలకు సీట్లు ఇచ్చే దామాషా ఎన్నికల పద్ధతి గురించి మన దగ్గర చర్చ వచ్చినప్పుడల్లా ఒక షరతు కూడా వినిపిస్తుంది: జర్మనీలో లాగా దేశం మొత్తం మీద ఐదు శాతం ఓట్లు రాని పార్టీకి సీట్లు ఇవ్వకూడదని. దామాషా పద్ధతి రావాలని కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. 2009 ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో దాదాపు 16 శాతం ఓట్లు పడిన ప్రజారాజ్యం పార్టీకి 294 స్థానాల్లో 18 మాత్రమే దక్కడం చూశాక ఆ కోరిక ఇంకా బలపడింది. ఆ షరతుకు మాత్రం ఒప్పుకోలేను.

టర్కీలో ఏం జరిగిందో చూడండి. 1980లో సైన్యం అధికారం లాక్కున్నాక, 1983లో అక్కడ దేశవ్యాప్తంగా పది శాతం నిబంధన పెట్టారు. 2002 ఎన్నికల్లో రెండే పార్టీలు దాన్ని దాటగలిగాయి. 34 శాతం ఓట్లతో ఏకేపీ పార్టీ 550లో 363 సీట్లు తీసుకుంది. పడిన ఓట్లలో దాదాపు 45 శాతం సభలో లెక్కకే రాలేదు. కుర్దులు ఎక్కువగా ఉండే షిర్నాక్‌లో దేహాప్ పార్టీకి దాదాపు 46 శాతం ఓట్లు వచ్చినా అక్కడి మూడు సీట్లలో ఒక్కటీ దక్కలేదు. 14 శాతం తెచ్చుకున్న ఏకేపీకి రెండు, పది శాతం కూడా రాని ఒక స్వతంత్ర అభ్యర్థికి ఒకటి వెళ్లాయి. దేశం మొత్తం మీద దేహాప్ ఓట్లు ఆరు శాతం దగ్గర ఆగిపోయాయి కాబట్టి! ఓడిన అభ్యర్థులు యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం తలుపు తట్టారు. పది శాతం మితిమీరినదేనంటూనే, హక్కుల ఉల్లంఘన జరగలేదని 2008లో ఆ కోర్టు తేల్చింది. 2022లో టర్కీ ఆ నిబంధనను ఏడు శాతానికి తగ్గించింది. ఏడూ ఎక్కువే.

ఇలాంటి నిబంధన లేకుంటే చిన్న పార్టీలు పెరిగి, జర్మనీలో హిట్లర్ ముందటి గందరగోళం వస్తుందని భయపెడతారు. 1928లో నాజీలకు వచ్చింది 2.6 శాతమే, ఐదు శాతం నిబంధన ఉంటే అప్పటికి బయటే ఉండేవారు, నిజమే. 1932 జూలైకి వాళ్ల ఓట్లు 37 శాతం. అంత బలిసిన పార్టీని ఏ నిబంధన ఆపగలదు?

ఆ జర్మనీయే మనకు అసలు దారి చూపింది. రెండు జర్మనీలు కలిశాక 1990లో జరిగిన తొలి ఎన్నికల్లో తూర్పుకు, పడమరకు ఐదు శాతాన్ని విడివిడిగా లెక్కించాలని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. దేశవ్యాప్తంగా 2.4 శాతమే వచ్చిన పీడీఎస్ పార్టీ, తూర్పులో 11 శాతం ఉండబట్టి సభలోకి వచ్చింది. డేనిష్ మైనారిటీల పార్టీకైతే ఆ నిబంధనే వర్తించదు.

ఇక మన సంగతి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద తెలుగుదేశానికి పడిన ఓట్లు రెండు శాతం లోపే. వచ్చిన సీట్లు 16. దేశవ్యాప్త ఐదు శాతం నిబంధన ఉంటే ఆ పార్టీకి ఓటేసిన లక్షలాది మంది తరఫున ఢిల్లీలో మాట్లాడే దిక్కుండేది కాదు. ఇందులో పార్టీ అభిమానం ఏమీ లేదు. డీఎంకేకైనా ఇదే గతి పట్టేది.

కాబట్టి శాతాన్ని రాష్ట్రంవారీగా లెక్కించాలి. యూరప్ మండలి పార్లమెంటరీ సభ 2007లో సూచించినట్టు అది మూడుకు మించకూడదు. ఈ రెండూ లేని దామాషా బిల్లును ఏ ప్రభుత్వం తెచ్చినా, రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్టీలకతీతంగా వ్యతిరేకించాలి.

ఇట్లు,
మీ పాఠకుడు